నాలుగు జాకీల మీద ఉన్న ఇంటికి పునాది కోరుతూ

పట్టణ ప్రణాళికాధికారి గారి సముఖమునకు,
మిషన్ కాంపౌండ్ వెనక గల్లీ నివాసి బెన్‌హర్ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పాత ఇంటి కింద కొత్త పునాది వేసుకొనుచుండగా పని ఆపించుట, మా అవ్వ ఆ ఇంట్లోనే ఉండుట గురించి.

1. మా తాత కట్టిన ఇల్లు నల్లరేగడి మీద ఉన్నది. ఎండలకు నేల నెర్రెలు విచ్చును, వానలకు ఉబ్బును, నడుమ ఇల్లు నలుగును. పడమటి గోడ ఎంత పగిలినదంటే, పగులులోంచి పక్కింటి టీవీ కనబడుచున్నది. మా అవ్వ సాయవ్వ మా టీవీకి రీచార్జి మాన్పించినది.

2. గోడ కూల్చకుండానే మూల మూలకు తవ్వి, కింద కాంక్రీటు పోసి కొత్త పునాది ఇవ్వవచ్చునని మేస్త్రీ గంగన్న చెప్పెను. అందాక బరువు మోయుటకు, బోధన్‌లో చెరుకు లారీ నడిపే వెంకటి నాలుగు జాకీలు ఇచ్చినాడు. "ఫ్యాక్టరీల చెరుకు క్రషింగ్ షురూ అయ్యేదాంక ఉంచుకో అన్నా. తర్వాత నా లారీ పంచరైతే దేనితోని లేపాలె?" అన్నాడు. న్యాయమే.

3. ఇక్కడ మా వైపు ఒక తప్పు జరిగినది. ప్రార్థన కానిదే పునాదిలో రాయి పడరాదని అవ్వ పట్టుబట్టగా, పాస్టరు గారిని, సంఘాన్ని పిలిచితిమి. నిజామాబాదులో ఫ్లెక్సీ చేయించితిమి. దుకాణంలో తయారుగా ఉన్నది ఒక్కటే: 'నూతన గృహ పునాది ప్రార్థన'. మరమ్మతు ప్రార్థన ఇంతవరకు ఎవరూ అడగలేదట. తమ ఇన్‌స్పెక్టరు గారు ఆ దినమే వచ్చి, బగారా అన్నం మళ్లీ పెట్టించుకుని, చేయి కడుక్కుని, ఫ్లెక్సీని ఫోటో తీసుకుని, మరునాడు అనుమతి లేని కొత్త ఇల్లని పని ఆపించిరి.

4. కార్యాలయానికి వస్తే, కొత్త ఇంటికి అనుమతి కావాలంటే ముందు పాతది కూల్చి రమ్మన్నారు. కొత్తది కాదు మహాప్రభో, పాతదే అంటే, పాత ఇల్లు భేషుగ్గా ఉన్నదని, పునాది అక్కర లేదని ఇన్‌స్పెక్టరు గారు రిపోర్టు రాసిరన్నారు. ఆ రిపోర్టు చదివే తెలివి మా గోడకు లేదు.

5. ఇంతలో ముసురు పట్టినది. తవ్విన గుంతల్లో నీళ్లు నిలిచి, జాకీల కింది చెక్కలు దిగబడుచున్నవి. చర్చి గదిలో పడుకోమంటే అవ్వ కదలదు. "నేన్ బయటికొస్తే ఇల్లు ఖాళీ అని రాసుకుంటరు. కూలగొట్టుడు వాళ్లకు అల్కగైతది. నేను రాను పో బిడ్డా" అంటుంది. అయ్యా, నాకు భయంగా ఉంది. దీన్ని ఆఫీసు భాషలో ఎట్లా రాయాలో తెలియలేదు.

కావున పని సాగించుటకు సెలవియ్యవలెను. అది వీలుకానిచో, ఇల్లు భేషుగ్గా ఉన్నదని రాసిన ఇన్‌స్పెక్టరు గారిని మా నడిమి అర్రలో ఒక్క పూట కూర్చోబెట్టవలెను. ఏదైనా ఈ ముసురు పోకముందే చిత్తగించవలెను.

ఇట్లు, ఇల్లు నిలిచినంత వరకు
తమ విధేయుడు,
బెన్‌హర్

మరొక మనవి: ఇది రాస్తుండగానే ఇన్‌స్పెక్టరు గారు పని నిజంగా ఆగిందో లేదో చూడవచ్చినారు. అవ్వ లోపలి నుంచి, "సారూ, వానల తడుస్తున్నరు. లోపటికి రాండ్రి, చాయ్ పెడ్త" అని పిలిచింది. సారు గడప దాకా వచ్చి, ఇంటి కప్పు చూసి, జాకీలు చూసి, "వద్దమ్మా, నాకు ఈడనే బాగుంది" అని వానలోనే నిలబడి చాయ్ తాగినారు. దయచేసి దీన్ని తనిఖీ నివేదికకు జతపరచగలరు. అవ్వ ఖాళీ గ్లాసు తీసుకుని మళ్లీ లోపలికే పోయింది.