ఊరి పేరుతో పెట్టిన ఫొటో

వీరేశన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. పురుగుల మీద పరిశోధన చేసేవాళ్లంతా ఫొటోలు పంచుకునే మన ఆన్‌లైన్ గ్రూపులో ఇవాళ నేనొకటి పెట్టాను. ఆదోని దగ్గర ఎల్లప్ప చేలో పత్తికాయ కోస్తే, ఏ మందుకూ చావని, నేనెప్పుడూ చూడని పురుగు బయటపడింది.

"మా ఊరి పేరు పెట్టాకండి మేడం. తెలిసిందంటే మార్కెట్ యార్డులో మా పత్తి ఎవరూ ముట్టరు. అప్పుడు మేము యాడికి పోవాల?" అన్నాడు ఎల్లప్ప.

ఊరి పేరు లేని ఫొటో ఎవరికీ పనికిరాదని నువ్వే నేర్పావు. కానీ నువ్వు ముందు రైతు ఇంట్లో కూర్చుని, టీ తాగి, ఒప్పించాకే పెట్టేవాడివి. నేనంతసేపు ఆగలేకపోయాను. పక్క చేలకు పాకుతుందన్న భయంతో పేరు పెట్టేశాను.

కాసేపటికి రాయచూరు నుంచి ఒకావిడ జవాబిచ్చింది: "మాకు పోయిన నెలే కనిపించింది. ఊరి పేరు చెప్పడానికి భయపడి ఆగిపోయాం." దాని కింద, ఎమ్మిగనూరులో పనిచేసే మన స్నేహితుడు "మాకూ" అని మాత్రం రాశాడు.

ఇంకా ఎంతమంది ఇలా దాచుకున్నారో, అది ఎంతదూరం పోయిందో!

ఫోన్ మోగుతోందన్నా. ఎల్లప్పే. నువ్వుంటే నీ చేతికిచ్చేదాన్ని.