అల్లుడు విప్పిన కుట్లు

మా ఇంటి టైలరమ్మకు,

నేను క్షేమం, చేతులే బొబ్బలెక్కాయి. ఇప్పుడప్పుడే రాలేను, కోపగించకు. వానలు మొదలైతే మన అమ్మాయి కాలువ దాటి పనికెళ్లడానికి నేను చేస్తున్న పడవే దిక్కు.

నువ్వు జాకెట్టు కుట్టే ముందు టాకాలు వేస్తావే, పడవ ప్లైవుడ్ పలకలను కలిపి పట్టుకునే రాగితీగ మెలికలూ అలాంటివే. అంచుల్లో జిగురు పూసి, అది గట్టిపడ్డాకే తీగ తెంపాలి. నిన్న పలకలన్నీ కుట్టేసి, నా అంతటి పనివాడు లేడనుకుంటూ అన్నానికి కూర్చున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కటింగ్ ప్లేయరుతో మన అల్లుడు!

"మామయ్యగారూ, తీగ కొసలు మీ అమ్మాయికి గీసుకుంటాయని అన్నీ కత్తిరించేశా."

జిగురు డబ్బా మూతైనా తీయలేదే! పడవ అరటితొక్కలా విచ్చుకుంది. పైగా, "ఎంత నున్నగా ఉందో చూడండి" అంటాడు. కొడుకైతే వీపు విమానం మోత మోగేది. అల్లుడాయె, "పర్వాలేదు బాబూ" అని పళ్లు నూరుకున్నాను. మళ్లీ మొదటి మెలిక నుంచి కుడుతున్నాను.

నా సన్నమూతి పటకారు పంపు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? మీ చెల్లెలికి నా ఆశీస్సులు.

ఈ కార్డు పోస్టు డబ్బాలో వేసేది అల్లుడే. దారిలో చదువుకుంటాడనే అక్షరాలు ఇంత లావుగా రాశాను.