ఖైతాన్ ఇంట్లో మిగిలిన రెండు వరసలు

786
ఖైతాన్, కువైట్
18-9-1990, మంగళవారం

బషీరాకు జిలానీ బాషా సలాము చెప్పి రాసేదేమంటే, నేను ప్రాణాలతో ఉండాను. ఒంటికి ఏమీ కాలేదు. నువ్వూ అత్తా రాయచోటిలో బాగుండారనే అనుకుంటాండా. అట్ల అనుకోకుంటే ఇక్కడ పొద్దు గడవదు.

నీ జాబు జూలై ఆఖర్లో చేరింది. జవాబు రాద్దామనుకునేలోపల ఇరాక్ వాళ్ళు వచ్చినారు. పోస్టు లేదు, ఫోన్లు లేవు. రేడియోలో నువ్వు వినే ఉంటావు. ఈ జాబు అచ్చాయమ్మ చేతికిస్తాండా. కింది అంతస్తులో అరబ్బోళ్ళ ఇంట్లో పనిచేసే గోదావరి ఆమె. రేపు బస్సెక్కి బస్రా, బాగ్దాదు మీంద అమ్మాన్ పోతాంది. అక్కడినుంచి మన గవర్నమెంటు విమానం. "మీరేం బెంగెట్టుకోకండి బాబూ, బొంబాయిలో దిగ్గానే స్టాంపు అంటించి డబ్బాలో వేసేస్తాను" అనింది.

నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటే చెప్తా. సుభాన్‌కు దగ్గు తగ్గిందా, యాళకు తింటాండాడా అని అడిగినావు. నీ తమ్ముని సంగతి కింద రాస్తా. ముందు ఇంటి సంగతి విను.

ఇల్లు ఎంతవరకు వచ్చింది అన్నావు. జూన్‌లో నాకు వీసా ఇచ్చిన మన కఫీల్ ఈ పాత ఫ్లాటు చూపించి, "నువ్వే బాగుచేయించుకో, రెండేండ్లు బాడుగ అడగను, నీ భార్యకు మా ఇంట్లో వంటపని వీసా తీస్తా" అన్నాడు గదా. తాళం తీసి చూస్తే గోడలు చెమ్మెక్కి పెచ్చులు రాలతాండె. నీళ్ళ పైపులు తుప్పు పట్టి, కుళాయి తిప్పితే ఎర్రనీళ్ళు. ఒక గది, వంటిల్లు, బాత్‌రూము, అంతే. అయినా నువ్వు ఇందులో తిరుగుతాండేది నా కండ్లకు కనపడింది.

అహ్మదిలో డ్యూటీ అయిపోయి కంపెనీ బస్సు దిగి నేరుగా ఇక్కడికే వస్తాంటి. ఆ పొద్దు ఎంత పని అయిందో క్యాలెండర్‌లో తేదీ కింద రాస్తాంటి. పాత బండలు పీకినారు అని ఒక పొద్దు, గోడకు పూత అయింది అని ఇంకో పొద్దు. ఎక్కువ రోజులు మాత్రం "ఫతీ రాలేదు" అనే ఉంటుంది. ఫతీ అంటే పైపుల పనాయన, ఈజిప్టు మనిషి. ఒక పొద్దు వస్తే మూడు పొద్దులు రాడు. అడిగితే "బుక్రా, జిలానీ, బుక్రా" అంటాడు. బుక్రా అంటే రేపు. ఆ రేపు జూలై అంతా రాలేదు.

వంటింటి గట్టు ఎత్తు గురించి రాసినావు, నడుమునొప్పికి తక్కువ ఎత్తు ఉంటే బాగుంటుందని. అది సుభానే కట్టినాడు. నేను ఇటుకలు పేరిస్తే, "బావా, నువ్వు అక్కను ఎప్పుడన్నా నిలబెట్టి చూసినావా? నా భుజం కాడికి వస్తాది, అంతే" అని ఒక వరస తీసేసినాడు. బాత్‌రూము బాగుండాలన్నావు, ఆ పని ఇంకా మిగిలింది. కిటికీ ఉందా అన్నావు. ఉంది. గాలి బాగా వస్తుంది. ఇప్పుడు కిందికి చూస్తే సందు మొదట్లో సిపాయిల లారీ ఉంటాది. అందుకే మూసి పెట్టినా.

ఆగస్టు రెండున కంపెనీ బస్సు రాలేదు. రోడ్డు మీదికి పోతే ట్యాంకులు. కఫీల్ ఇంటోళ్ళందరూ సెలవులకని అంతకుముందే దేశం దాటిపోయినారు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండిపోయింది. రొట్టెల కాడ తెల్లారి నిలబడితే మధ్యాహ్నానికి దొరికేది. వడ్రంగి సగం తలుపు బిగించి పోయినోడు మళ్ళీ కనపడలేదు.

ఒక్కటి చెప్పాల. ఫతీ వచ్చినాడు. ఊరంతా మూటలు కట్టుకుంటాంటే, ఐదో తేదీ పనిసామాను పట్టుకుని మెట్లెక్కి వచ్చినాడు. "నేను జోర్డాన్ పోతాండా. నీ నీళ్ళు ఖలాస్ చేసి పోతా" అన్నాడు. మధ్యాహ్నం దాకా వంగి పనిచేసినాడు. కుళాయి తిప్పితే తెల్లగా నీళ్ళు పడినాయి. టీ తాగమంటే తాగలేదు. నన్ను పట్టుకుని ఏడ్చి పోయినాడు. రెండు నెలలు ఆ మనిషిని తిట్టిన నోరు ఇది.

బషీరా, ఇంక ఇంటి సంగతి చెప్పేదానికి ఏమీ లేదు. సుభాన్ సంగతి రాయాల. ఈ జాబు నువ్వు ఒక్కదానివే చదువుకో. అత్తకు చదివి వినిపించవాకు. కూర్చోని చదువు.

సుభాన్ లేడు. ఆగస్టు ఇరవై ఏడు సోమవారం, సాయంత్రం అసర్ నమాజు యాళకు పోయినాడు.

బాత్‌రూములో టైల్స్ పని వాడిదే. ఇంక రెండు వరసలు మిగిలినాయి. తెల్ల సిమెంటు అయిపోయింది. ఫర్వానియా తట్టు ఒక అంగడాయన సగం షట్టరు ఎత్తి అమ్ముతాడని తెలిసి, పొద్దున పోయినాడు. మూట భుజాన పెట్టుకుని వస్తాంటే మలుపు కాడ సిపాయిలు ఆగమన్నారంట. ఆగినాడంట. మూట కింద పెడదామని వంగినాడంట. వంగి ఏం తీస్తాడో అనుకున్నారో ఏమో, కాల్చినారు. అంగడాయన కండ్లారా చూసినాడు. ఆయనే కారులో వేసుకుని ఆసుపత్రిలో చేర్చి, నాకు కబురు పంపినాడు.

నేను పోయేటప్పటికి తెలివి ఉంది. పొట్టలో తగిలింది. "బావా, నీళ్ళు" అన్నాడు. డాక్టరు ఇయ్యొద్దన్నాడు. మళ్ళా అడిగినాడు. "ఆపరేషన్ అయినాక తాగుదువులేరా" అంటి. నేను ఇయ్యలేదు బషీరా. ఎట్లయినా పోయేవాడే అని తెలిసింటే గుక్కెడు పోసేవాణ్ణి. ఆపరేషన్ గది కాడికి తోసుకుపోతాంటేనే అయిపోయింది.

వానికి చుట్టేదానికి కఫన్ గుడ్డ కొందామంటే అంగళ్ళు లేవు, ఉన్నవి దోచుకుపోయినారు. మా పక్కింట్లో పాలస్తీనా ముసలామె ఉంది. హజ్‌కు పోయినప్పుడు తనకోసమని తెచ్చి పెట్టెలో దాచుకున్న కఫన్ తీసి నా చేతిలో పెట్టింది. "నాకు ఇంకా టైముంది, పిల్లోడికి కప్పు" అనింది. ఖబరస్తాన్‌కు ఆరుమందిమి పోయినాము. నేనే లోపలికి దిగి పడుకోబెట్టినా. నమాజుకు, మట్టికి ఏ లోటూ రానీలేదు. ఆ మాట అత్తకు చెప్పు.

ఇంతవరకు రాసి చాలిద్దామనుకుంటి. మూడు వారాల్లో మూడుసార్లు ఈ జాబు మొదలుపెట్టి, ఇక్కడికి వచ్చినాక చించేసినా. ఇప్పుడు రాస్తాండా.

ఆగస్టు ఇరవై ఐదున సుభాన్ పనిచేసే వర్క్‌షాపు వాళ్ళందరూ కలిసి బస్సు మాట్లాడుకుని పోయినారు. వానికి సీటు ఉండె. బట్టలు కూడా సర్దుకునె. "బావా, నువ్వూ రా, పోదాం. ఊరు తగలబడతాంటే బాత్‌రూము ఏమిటికి మనకు?" అన్నాడు. నేనే ఆపినా. "పదిరోజుల్లో ఎవరో ఒకరు సర్ది చెప్తారు, కఫీల్ తిరిగి వస్తాడు. పని పూర్తిగా ఉంటే ఇల్లు మనది. సగంలో వదిలితే ఎవడో వచ్చి కూర్చుంటాడు. ఆ రెండు వరసలు వేసి వచ్చేవారం పో" అంటి. వాడు నా మొగం చూసి సంచి కింద పెట్టినాడు.

సీటు ఉండె బషీరా. ఆ బస్సు అమ్మాన్ చేరింది. అందులో పోయినోళ్ళు ఈ పాటికి ఇండ్లల్లో ఉంటారు.

నువ్వు నిన్ను తిట్టుకోవాకు. బాత్‌రూము బాగుండాలని నువ్వు రాసినందుకు ఇది కాలేదు. పని ఆపితే, మనం ఇక్కడ బతుకుతామనుకున్నది అబద్ధమని ఒప్పుకోవాల. ఆ ఒప్పుకోలు నాకు చేతకాలేదు. దానికి నీ తమ్ముణ్ణి ఇచ్చినా.

ఆ రెండు వరసలు అట్లే ఉండాయి. నేను ఇప్పుడు ఆ ఇంట్లో పండుకోను. మెట్ల కింద చాప వేసుకుంటా.

శుక్రవారం పోయే బస్సులో నా పేరు రాయించినా. పాస్‌పోర్టుకు బదులు ఎంబసీ వాళ్ళు ఒక కాగితం ఇచ్చినారు. దారిలో ఎడారిలో టెంట్లలో వారాలు కూర్చోబెడతాండారంట, నీళ్ళు కూడా చాలవంట. ఎప్పటికి చేరతానో, చేరతానో లేదో తెలియదు. వచ్చి ఏం చేస్తానో అంతకన్నా తెలియదు. నన్ను ఇంట్లోకి రానీమని అడగను. అత్త ముందర నిలబడాల, అంతే. ఆమె ఏమన్నా పడతా.

ఈ సంగతి జాబులో కాక ఎదురుగా చెప్పేది మర్యాద. అది నాకు తెలుసు. కానీ నేను వస్తాండానని మాత్రమే తెలిస్తే నువ్వు రాయచోటి బస్టాండుకు వస్తావు. నన్ను చూసి నవ్వుతావు. నవ్వుకుంటానే, నా ఎనకాల ఇంకొకడు దిగుతాడని బస్సు మెట్ల దిక్కు చూస్తావు. ఆ చూపు చూసే గతి నీకు పట్టకూడదని ఈ జాబు ముందు పంపిస్తాండా.

ఇట్లు,
సుభాన్ బావ
జిలానీ బాషా