ఆదివారం గాలి

ఎబినేజరన్నా,

ఫోన్ల చెప్పనీకె నోరు రాలేదు, అందుకే ఉప్పల్ నుంచి రాస్తున్న. కెజియా పాపకు ఆయాసం తగ్గిందా?

నాచారంల మీ డాబా మీది దుమ్ము కొలిచే మిషన్ గంటగంటకు పంపే అంకెలతోని నా ప్రోగ్రాం రోజు సగటు తీస్తది గదా. ఆదివారాలు సగటు తక్కువొస్తుండె, అందుకే ఆ రోజు గాలి మంచిగుంటదని, పాపను బయట ఆడుకోనియ్యమని నేనే చెప్పిన. నిన్న వదిన మాటల మీద అన్నది, చర్చికి పోయేటప్పుడు ఇంట్ల ప్లగ్గులన్నీ పీకేసి పోతదట, మిషన్‌ది గూడ! అంకెలు రాని ఐదు గంటలను ప్రోగ్రాం సున్నాలుగా కలిపింది. ఉన్న పందొమ్మిది గంటలతోనే భాగిస్తే గాలి అన్ని రోజుల లెక్కనే ఉన్నది. మరి ఆ ఐదు గంటలు ఎట్లుండెనో? ఎవరినడగాలె?

వదిననేమనకు. పోయిన ఆదివారం ఫోన్ల కెజియా దగ్గు నాకు ఇనబడుతనే ఉండె. అయినా స్క్రీన్ సూసి, "గాలి మంచిదే, ఆడుకోనియ్యి" అని చెప్పిన.

నీ చెల్లె