నాన్న పరుపు

జనవరి 4

నాన్నను పక్క వీధి కోటేష్ చంపేశాడు. నా కళ్ళ ముందే. మిర్చి బస్తాల ట్రాక్టర్‌ను రివర్స్‌లో తెచ్చి, మేం మా పరుపుల షాపు ముందు ఎండలో వేసిన పరుపు మీదికి ఎక్కించాడు. నాన్న వాడి చెంప పగలగొట్టాడు. వాడు జాకీ రాడ్ తీశాడు. ఒకటే దెబ్బ. దూది ఎర్రగా తడిసిపోయింది.

ఇంకేం రాయను.

జనవరి 6, సాయంత్రం

నాన్న పేరున మూడో రోజు ఫాతెహా ప్రార్థన. సత్తెనపల్లి సగం మా షాపు ముందే ఉంది. నాన్న గురించే, గౌస్ బాషా గారు ఎంత మెతక మనిషో అని చెప్పుకుంటున్నారు. ఏం మెతక? పదిహేడేళ్ళు ఆర్మీలో చేసొచ్చినా చేతి దురద తీరలేదు. కూరలో ఉప్పెక్కువైతే అమ్మను కొట్టేవాడు. అన్నయ్య వాసిం వీపు మీద బెల్టు వాతలు ఇంకా ఉన్నాయి. కొట్టాక మళ్ళీ తనే దిండు తెచ్చి అమ్మ తల కింద పెట్టేవాడు, అన్నం కలిపి తినిపించేవాడు.

నాకు ఆ మనిషి మీద కోపం పోలేదు. ఆ మనిషి కావాలి కూడా.

ఫిబ్రవరి 5

కోటేష్‌కు బెయిల్. ముందు చెయ్యి చేసుకున్నది నాన్నే కదా అని వాడి లాయర్ వాదించాడట. వాసిం ఆటో తీయడం మానేశాడు. నలభయ్యో రోజు ఫాతెహా కాగానే వాణ్ణి నరుకుతానని ఒట్టేశాడు. అమ్మ కాళ్ళు పట్టుకుంది. కొడుకు కాళ్ళు! నాకు వాసింనే చంపాలనిపించింది.

ఫిబ్రవరి 11

రేపే నలభయ్యోది. పోయినవాళ్ళు పడుకున్న పరుపు విప్పి, దూది మళ్ళీ ఏకి, ఇంట్లో తలా ఒక దిండు కుట్టుకోవడం మా ఆనవాయితీ. పాత దూది ఏకే మిషన్‌లో వేసేముందు చేత్తో వెతకాలి. గుండుసూది ఉన్నా చాలు, నిప్పు రేగి షాపు తగలబడుతుంది. ఈ పాఠం నాన్న నా వీపు మీద కొట్టి నేర్పాడు.

వెతికాను. అరచెయ్యి తెగింది. కత్తి. కొత్తది.

నాన్న పరుపు ఎవరూ ముట్టరనుకుని వాసిం అందులో దాచాడు. దూదేకులవాడి ఇంట్లో పుట్టి, దాన్ని విప్పుతామన్న సంగతే మరిచిపోయాడు, తిక్కసన్నాసి.

అమ్మ ఆ కత్తిని తన దిండులో పెట్టి కుట్టేసింది. వాసింను పిలిచి ఒక్క మాట అంది.

"కావాలంటే నా తల కింద నుంచి తీసుకో."

వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. బతికాం అనుకున్నాను.

ఫిబ్రవరి 13, ఉదయం 6

వాకిట్లో చిరిగిన దిండు. దూది కాలవ దాకా ఎగిరింది.

అమ్మ ఒళ్ళెరగని నిద్రలో ఉంది. తల కింద వాసిం చొక్కా, మెత్తగా మడత పెట్టి. నాన్న కొడుకే.

కోటేష్ వాళ్ళ వీధి నుంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది.

అమ్మను ఇంకా లేపలేదు.