ముందు ముద్ర, తర్వాత దెబ్బ

కెప్టెన్ బాబుకి,

దీవెనలు. నేను మీ టీమ్‌లో వైద్యం చేసే అమ్మాయి తండ్రిని. అది మెట్ల మీద జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేదాకా కంప్యూటరు ఆటలో తన చోటు పోకుండా నన్ను కూర్చోమంది. "నాన్నా, ఆ చోటు కోసం ఎన్ని తిప్పలు పడ్డానో నీకు తెలీదు. వేరేవాళ్లకిచ్చేస్తే తట్టుకోలేను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తల్లి లేని పిల్ల. సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

నువ్వు మా అమ్మాయి ఈడువాడివై ఉంటావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ఏమీ అనుకోకు. అనుకున్నా నేను మారను. యుద్ధం జరుగుతుంటే తెర కింద మీరంతా గబగబా రాసుకునే మాటలు నా కంటికి అందవు. ఒకటి కూడబలుక్కుని చదివేలోగా మిగతావి పైకి పోతున్నాయి. అందుకే ఆటలోని ఊళ్లో, కోట గుమ్మం పక్కన, ఉత్తరాల డబ్బా కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. నాకు చదువు అంతంత మాత్రం. తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టి, సంచులు మోసి రిటైరైనవాణ్ణి. లోపలి ఉత్తరాలు చదవమని ఎవడూ జీతమివ్వలేదు.

ఇక అసలు సంగతి. నిన్న వైద్యుణ్ణి కదా అని ఒక పక్కన నిలబడి ఎవరికి దెబ్బ తగిలిందా అని చూస్తున్నాను. మీరేమో "కొట్టు, కొట్టు" అని ఒకటే గోల. వైద్యుడు కొట్టడమేమిటి? మా వీధి డాక్టరు సూది గుచ్చుతాడు గానీ, రోగిని బాగుచేయడానికి పక్కవాణ్ణి తన్నడు. మీరు ఒక్కొక్కరే కూలిపోతుంటే ఏం చేయాలో తోచక జాలిపడ్డాను. అంతకంటే నా చేతనైంది లేదు. నా పనేమిటో విడమరిచి రాయి.

ఇట్లు,
విరిగిన చేతికి బదులు చెయ్యి

తా.క. తెర మీద నేను తెల్లగౌను వేసుకున్న పడుచుపిల్లలా ఉన్నాను. దారినపోయేవాడెవడో వచ్చి నా ముందు డాన్సు చేశాడు. వాడికి నా మోకాళ్ల నొప్పుల గురించి వివరంగా రాశాను. మళ్లీ కనిపించలేదు.

*

పెద్దాయన గారికి,

మీ ఉత్తరం అందినది. మీ అమ్మాయి ఎంచుకున్నది మందులిచ్చే వైద్యం కాదు, కొట్టి బతికించే వైద్యం. ముందు మనవాళ్ల మీద ముద్ర వేయాలి. తర్వాత రాక్షసుణ్ణి కొట్టాలి. వాడికి ఎంత దెబ్బ తగిలితే, ముద్ర ఉన్నవాళ్లకి అంత బలం చేరుతుంది. ముద్ర లేనివాళ్లకి చేరదు. ముందు ముద్ర, తర్వాత దెబ్బ. కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. నేనూ అలాగే చేశాను.

నెలాఖరున నల్లకోట మీద యుద్ధం. ఓడితే మన టీమ్‌ని పోటీ నుంచి తీసేస్తారు. అప్పటికి మీకు పని రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు. ఇందులో మొహమాటాలకు తావు లేదు.

క్రమశిక్షణతో,
కెప్టెన్

తా.క. యుద్ధం మధ్యలో అందరినీ "భోంచేశారా" అని అడగవద్దు. ఒకరు జవాబు రాస్తూ చనిపోయారు.

*

కెప్టెన్ బాబుకి,

ముద్ర వేయాలన్న మాట మొదటే చెబితే ఏం పోయింది? ఆ పని నాకు నేర్పాల్సిన మొనగాడు ఇంకా పుట్టలేదు. మా ఆఫీసులో ముద్ర పడకుండా ఒక్క కవరు బల్ల దాటేది కాదు. అదే పద్ధతి ఇక్కడా పెట్టాను.

నిన్న కోట గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ వేశాను. నీకు, మన బాణాలవాడికి, కత్తులు సానబెట్టేవాడికి, చేపలమ్మే ఆవిడకి, ఊరికే అటూఇటూ తిరిగే ఇద్దరు సిపాయిలకి, ఒక గుర్రానికి. ఎవరి మీదైనా మసగ్గా పడిందనిపిస్తే మళ్లీ కొట్టాను. అంతా సక్రమంగా అయ్యాక మీ వెనకే పరిగెత్తుకొచ్చి రాక్షసుణ్ణి కొట్టడం మొదలుపెట్టాను. చేయి పడిపోయేలా కొట్టాను. అయినా మీరంతా చచ్చారు. ముద్ర కాసేపటికి చెరిగిపోతుందని ఎవడు చెప్పాడు నాకు? మా ముద్రలు తాతల నాటివి కూడా ఇప్పటికీ చదవొచ్చు. పైగా ముద్రలేసీ వేసీ నా శక్తి అడుగంటిందని తెర ఎర్రగా మెరిసింది. నేను పొయ్యి మీద పాలు పొంగాయేమోనని వంటింట్లోకి వెళ్లి చూసొచ్చాను.

ఒళ్లంతా నొప్పులు బాబూ. కూర్చునే చేసే పనికి ఇంత నొప్పేమిటో నాకు అర్థం కాదు. అయినా ఆ చోటు మాత్రం ఎవరికీ ఇవ్వకు. నా చేతిలో పెట్టిన సంచి ఇంతవరకూ దారిలో పోలేదు.

ఇట్లు,
ముద్రల మనిషి

తా.క. మీరందరూ పోయారు గానీ ఆ గుర్రం మాత్రం నిగనిగలాడుతోంది.

*

పెద్దాయన గారికి,

గుర్రం మన టీమ్‌లో లేదు. చేపలమ్మే ఆవిడా లేదు. మనం ఐదుగురం. ఆ ఐదుగురికే, యుద్ధం మొదలైన తర్వాతే, ముద్ర. చెరిగేలోగా దెబ్బలు. కొట్టడం ఆపితే మాకు ఊపిరి ఆగినట్టే.

ఎంతోమందిని దారిలో పెట్టాను గానీ, ఇంతగా అలసిపోయింది ఎప్పుడూ లేదు. పొద్దున్నుంచీ నా ఉద్యోగంలో అరిచి అరిచి, సాయంత్రం ఇక్కడ మళ్లీ అరవాలంటే నావల్ల కావడం లేదు. దయచేసి చెప్పింది చెప్పినట్టు చేయండి.

కెప్టెన్

తా.క. పాలు పొంగాయా?

*

కెప్టెన్ బాబుకి,

పొంగాయి. పొయ్యి కడిగేసరికి నడుం పట్టేసింది.

నిన్నటి దాని గురించి నువ్వు నామీద విరుచుకుపడే ముందు నా మాట విను. చెప్పింది చెప్పినట్టే చేశాను. ఐదు ముద్రలు, ఆపకుండా దెబ్బలు. మీ అందరి మొహాల్లో కళ వచ్చింది. నాకూ ఇదేదో పట్టుబడిందనిపించింది. ఇంతలో చూద్దును కదా, రాక్షసుడు చావడానికి సిద్ధంగా ఉన్నాడు. మన బాణాలవాడేమో ఇంకా సగం ప్రాణంతో ఉన్నాడు. రాక్షసుడు చస్తే నేను ఎవణ్ణి కొట్టాలి? ఎవణ్ణీ కొట్టకపోతే ఆ పిల్లాడికి బలం ఎక్కణ్ణుంచి రావాలి? అందుకే "ఆగండి, వాణ్ణి చంపకండి" అని పెద్ద అక్షరాలతో రాశాను. మీరూ ఆగారు. పాలిచ్చే గేదెను ఎవరైనా చంపుకుంటారా? మెల్లిగా తట్టినట్టు కొడుతూ అందరికీ నిండుగా బలం పట్టించాను. ఇంత ఆరోగ్యంగా మీరు ఎప్పుడూ లేరు.

చాలాసేపు చావకపోతే వాడికి పిచ్చెక్కుతుందని, అందర్నీ ఒక్క వేటుకి నరికేస్తాడని నాకేం తెలుసు? అయినా తప్పు నాదొక్కడిదే ఎలా అవుతుంది? ఆగమనగానే అందరికంటే ముందు ఆగింది నువ్వే.

ఇట్లు,
ఉన్న సంగతి మొహం మీదే చెప్పేవాడు

తా.క. అమ్మాయి రోజూ సాయంత్రం ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తోంది. కట్టు లోపలి వేళ్లకి కసరత్తు చేయించాలట. ఎంత శ్రద్ధగల డాక్టరో, ఆదివారం కూడా చూస్తున్నాడు. అక్కణ్ణుంచి వచ్చేటప్పుడు పిల్ల పాటలు పాడుకుంటూ మెట్లెక్కుతోంది. నా మోకాళ్లు కూడా ఆయనకే చూపించుకుందామనుకుంటున్నాను. అడిగితే "నీ కేసు ఆయన తీసుకోడు నాన్నా" అంటోంది.

*

పెద్దాయన గారికి,

నేను ఆగడానికి కారణాలు నాకున్నాయి. అవి ఇక్కడ చర్చకు రావు.

రేపే నల్లకోట. ఇదే ఆఖరి అవకాశం. రాక్షసుడు చావాలి. మనం బతకాలి. ఆ రెండూ ఒకేసారి జరగాలి. మీ అమ్మాయి చోటుతో పాటు నా మాట కూడా దీని మీదే ఉంది. నేనూ ఒకరికి గట్టిగా మాటిచ్చాను.

కెప్టెన్

తా.క. అడగకూడదు గానీ అడుగుతున్నాను. మీ అమ్మాయి చేతి కట్టు ఏ రంగు?

*

కెప్టెన్ బాబుకి,

గెలిచాం. నువ్వూ చూశావు గానీ, నాకు ఇంకెవరితోనూ చెప్పుకునే దిక్కులేదు కాబట్టి మళ్లీ చెబుతాను, విను.

కోటలోని ఆ నల్లవాడు నీ డాలు మీద ఒక్కటిస్తే నువ్వు మోకాళ్ల మీద పడ్డావు. నీ మీద ముద్ర చెరిగిపోతోంది. ముందు నీకు వేశాను. తర్వాత మిగతా ముగ్గురికి. తర్వాత కొట్టాను బాబూ. ఇంటి ఓనరు మీద కోపం, లిఫ్టు బాగుచేయనివాడి మీద కోపం, నా మోకాళ్ల మీద కోపం, అన్నీ కలిపి కొట్టాను. నువ్వు లేచి నిలబడ్డావు. అప్పుడు చూసుకుంటే నా మీద నేను ముద్ర వేసుకోవడం మర్చిపోయాను. సరేలే అనుకుని ఆపలేదు. నేను పడిపోయాక వాడూ పడ్డాడు. నేల మీద వెల్లకిలా పడి, మీరు నలుగురూ గెంతులేస్తుంటే చూశాను. చచ్చి కూడా ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు.

వచ్చే వారం కట్టు విప్పుతారట. పిల్ల చోటు పిల్లకి భద్రంగా అప్పజెబుతున్నాను. నాకు మెప్పులు అక్కర్లేదు. ఆ సాయంత్రం గంటలో ఇక నేనేం చేయాలన్నది వేరే సంగతి. కిటికీ ఉంది. చూస్తూ కూర్చుంటాను.

సెలవు,
చచ్చి గెలిచినవాడు

తా.క. నీలం రంగు. దాని మీద ఎవరో ఎర్ర సిరాతో పడవ బొమ్మ గీశారు. డాక్టరే అయ్యుంటాడు.

*

అన్నయ్య గారికి,

ఈ పిలుపు చూసి కంగారు పడకండి. చివరిదాకా చదివాక మీకే అర్థమవుతుంది.

ముందుగా, నేను బాబును కాను. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. వచ్చే ఏడాది రిటైరవుతున్నాను. మీరు ఇన్నాళ్లూ నన్ను "నువ్వు" అన్నందుకు నాకేమీ కోపం లేదు. చాలా ఏళ్లుగా ఎవరూ అలా పిలవలేదు. అసలు కెప్టెన్ మా అబ్బాయి. "ఈ నెలంతా ఆఫీసులో సాయంత్రం పనుంది అమ్మా, నా చోటు పోకుండా కాస్త కూర్చో" అని తన కంప్యూటరు నా వార్డెన్ గదిలో పెట్టి వెళ్లాడు. గోడకి అంటించిన కాగితం కూడా వాడు రాసిచ్చిందే. అందులో ఉన్నది మీకు రాసేదాన్ని, లేనిది నాకూ తెలియదు. రాక్షసుణ్ణి చంపవద్దని మీరన్నప్పుడు ఎంత తెలివైన మాట అనిపించిందో! అందుకే అందరికంటే ముందు ఆగాను. అంతకుముందు ఓడినప్పుడల్లా అబ్బాయి తిడితే ఆ తిట్లన్నీ మీకు పంపాను.

మొన్నొక సాయంత్రం కళ్లజోడు మర్చిపోయి ఇంటికెళ్లాను. ఆఫీసు చొక్కాలన్నీ ఇంట్లోనే ఉన్నాయి, వాడు లేడు. వంటింటి అలమరలో ఉప్పు డబ్బా వెనక నీలం కట్టు ఒకటి ఉంది. దాని మీద ఎర్ర పడవ. లోపల చెయ్యి లేదు. మా వాడికి చిన్నప్పట్నుంచీ గీయడం వచ్చిన బొమ్మ అదొక్కటే.

మీ జవాబు చూశాక నిన్న ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టాను. ఎముక అతుక్కుని చాలా రోజులైందట. మీ ఇంటి మెట్లెక్కే ముందు పిల్ల ఆ కట్టును గాజులా తొడుక్కుంటోంది. ఆటలో పరిచయమై, బయట కలుసుకోవడానికి తీరిక లేక, చోట్లు వదులుకోవడానికి మనసొప్పక, మనల్ని కూర్చోబెట్టారు. మనం నడుం విరిగేలా రాక్షసులతో చస్తుంటే, వీళ్లు చేయీచేయీ పట్టుకుని పార్కు చుట్టూ తిరుగుతున్నారు. పెళ్లి మాట మీతో ఎత్తడానికి ఇద్దరికీ భయం. "మా నాన్న కొడతాడండీ" అంది పిల్ల.

కొట్టండి అన్నయ్య గారూ. మీరు కొడితే బాగుపడతారని నేను నా కళ్లతో చూశాను. కాకపోతే పద్ధతి మీకు తెలిసిందే. ముందు ఇద్దరి మీదా ముద్ర వేయండి, తర్వాత కొట్టండి.

ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని మీ మెట్లెక్కుతాను. లిఫ్టు బాగుచేయలేదన్నారుగా, మెల్లిగా వస్తాను.

కాబోయే బంధుత్వంతో,
మీ చెల్లెలు

తా.క. వాళ్లిద్దరికీ ఇప్పట్లో ఆడే తీరిక లేదట. రేపు సాయంత్రం అదే వేళకి కోట గుమ్మం దగ్గర ఉంటాను. కిటికీ దగ్గర కూర్చోకండి. ఈసారి మీ మీద కూడా ఒక ముద్ర వేసుకోండి. మిగిలితే గుర్రానికీ వేయండి. దాన్ని అలా వదిలేయడం నాకూ మనసొప్పడం లేదు.