యంత్రానికి పెట్టిన పొట్లం

తైచుంగ్

లై గారికి,

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. బొమ్మ గ్యాస్ పిస్తోళ్లను పరీక్షించే కొత్త యంత్రం నావల్లే ఆగిపోయిందని, ఇక పనిలోకి రావద్దని కబురు పంపారు. అది మొరాయించకుండా బుద్ధిగా పనిచేయాలని మన ఆచారం ప్రకారం దానిమీద పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లాన్ని విప్పింది నేనే. కానీ ఎందుకు విప్పానో వినండి.

కొత్త పిస్తోలు పదివేల గుండ్లు పేల్చినా తట్టుకుంటుందని యంత్రం తేల్చింది. అది నింపాదిగా పేలుస్తుంది. కొనేవాళ్లు గబగబా పేలుస్తారు. గ్యాస్ చల్లబడి లోపలి రబ్బరు బిగుసుకుపోతుంది. ఇన్నేళ్లుగా చేత్తోనే పరీక్షిస్తున్న నేను దాన్ని పేల్చి, ఆ బుస వినగానే "ఇది రెండువేలు దాటదు" అన్నాను.

"మామ్మా, యంత్రంతో పోటీయా?" అని మేస్త్రీ చెన్ నవ్వాడు.

"అయితే నా వేగంతో నువ్వే పేల్చు నాయనా!"

పంతొమ్మిది వందలకే రబ్బరు చీలింది. గుండు తుస్సుమని జారి అతని టీ కప్పులోనే పడింది. షెడ్డంతా పడీపడీ నవ్వింది.

తప్పు చెప్పిన యంత్రానికి నైవేద్యం ఎందుకని పొట్లం అందరికీ పంచాను. చెన్ రెండు పిడికిళ్లు తిన్నాడు. మర్నాడు యంత్రం ఆగింది.

దానికి కొత్త పొట్లం నేనే తెస్తాను. సోమవారం పనిలోకి వస్తున్నాను. నా బల్లమీద కూడా ఒకటి పెట్టించండి. ఇరవైరెండేళ్లు అది లేకుండానే బుద్ధిగా పనిచేశాను.

ఇదిగో నా వేలిముద్ర.